సైకిల్ జెర్సీ, షూ బరువు: బెజవాడ ఎండలో అపోహలు - వాస్తవాలు

బెజవాడలో సైకిల్ ఫిట్టింగ్ చేస్తుంటాను. సీటు ఎత్తు, హ్యాండిల్ దూరం, షూను పెడల్‌కు తగిలించే క్లీట్‌ను షూ కింద ఎక్కడ బిగించాలి లాంటివి మనిషికి తగ్గట్టు సరిచేయడం నా పని. ఈమధ్య వచ్చేవాళ్లలో చాలామంది సీటు సంగతి పక్కనపెట్టి, "అన్నా, ఈ షూ ఎన్ని గ్రాములు?" అని మొదలుపెడుతున్నారు. కరకట్ట మీద, అమరావతి సీడ్ యాక్సెస్ రోడ్డు మీద తెల్లవారుజామునే తొక్కే కుర్రాళ్లు ఉద్యోగంలో చేరిన కొత్తలోనే పెద్ద మొత్తం పెట్టి తేలిగ్గా, బాగా గట్టిగా ఉండే కార్బన్ సోల్ షూలు, వంద గ్రాముల జెర్సీలు తెప్పించుకుంటున్నారు. సైకిల్ మీద అంత ఇష్టం ఉన్నందుకు నాకు సంతోషమే. కానీ ఆ డబ్బుకు ఏం వస్తుందో, ఏం రాదో ముందే తెలిస్తే మంచిది.

అపోహ: బట్టలు, షూల మీద 300 గ్రాములు తగ్గిస్తే ఘాట్ ఎక్కేటప్పుడు తేడా తెలిసిపోతుంది.

వాస్తవం: లెక్క వేసి చూద్దాం. కొండవీడు, కోటప్పకొండ లాంటి చోట 200 మీటర్ల ఎత్తు ఎక్కుతున్నారనుకోండి. 300 గ్రాములను అంత ఎత్తుకు చేర్చడానికి దాదాపు 590 జౌళ్ల పని పడుతుంది. 150 వాట్లతో తొక్కే మనిషికి అది 4 సెకన్ల పని. కొండ మొత్తానికి 4 సెకన్లే. చదును రోడ్డు మీద అయితే అదీ లేదు. గంటకు 30 కిలోమీటర్ల వేగంలో ఆ 300 గ్రాముల వల్ల టైర్ల దగ్గర అదనంగా పోయేది వాట్‌లో ఎనిమిదో వంతు. మనం వారమంతా తొక్కేది చదును రోడ్లే కదా.

మరి ఈ గ్రాముల గోల ఎక్కడ మొదలైంది? ప్రొఫెషనల్ రేసుల్లో సైకిల్ బరువు 6.8 కిలోలకు తగ్గకూడదని అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య 2000లో నిబంధన పెట్టింది. బట్టలకు, షూలకు అలాంటి హద్దు లేదు. సైకిల్‌ను ఇంక తగ్గించలేనివాళ్లు ఒంటి మీద ఉన్నవాటిని తగ్గించుకుంటారు. కొండ మీద రెండు మూడు సెకన్ల తేడాతో రేసు పోయేవాళ్లకు అందులో అర్థం ఉంది.

అపోహ: లేబుల్ మీద తక్కువ గ్రాములుంటే అది తేలికైన బట్ట.

వాస్తవం: మన ఊళ్లో ఎక్కువమంది బోర్లాపడేది ఇక్కడే. లేబుల్ మీద ఉండేది పొడి బరువు. ఏప్రిల్ నుంచి జూన్ దాకా బెజవాడలో, గుంటూరులో పొడి బట్టతో తొక్కేది మొదటి పది నిమిషాలే. ఆ తర్వాత ఒంటి మీద ఉండేది తడి బట్ట. కొనేటప్పుడు చూడాల్సింది దాని బరువు.

ఉండవల్లి దాకా వెళ్లొచ్చిన ఒకాయన వేసుకున్న కాటన్ టీషర్ట్‌ను మా దగ్గరున్న వంటింటి కాటా మీద పెట్టి చూశాం. పొడిగా 190 గ్రాములుండే టీషర్ట్ 430 చూపించింది. మెడ కుట్టు సాగిపోయి కిందికి వేలాడుతోంది, అంచుల నుంచి చెమట చుక్కలు కాటా పళ్లెంలోకి కారుతున్నాయి. గ్రాములు తగ్గించాలని కంపెనీ షూ కొన్న మనిషి పావు కిలో చెమటను ఒంటికి కట్టుకుని తిరుగుతున్నాడు.

కారణం నూలులోనే ఉంది. మామూలు గాలి తేమలోనే కాటన్ తన బరువులో 8 శాతం దాకా తేమ పీలుస్తుంది, పాలిస్టర్ పీల్చేది అర శాతం లోపే. పాలిస్టర్ బట్ట కూడా తడుస్తుంది. కానీ ఆ నీరు దారంలోపలికి ఇంకదు, దారాల సందుల్లోనే ఉండి, బట్టంతా పరుచుకుని తొందరగా ఆరిపోతుంది. బట్ట ఎంత పల్చనైతే ఆ సందుల్లో నిలిచే నీరు అంత తక్కువ.

ఆరడం ఎందుకంత ముఖ్యమంటే, 150 వాట్లతో తొక్కే మనిషి ఒంట్లో పుట్టే వేడి దాదాపు 500 వాట్లు. ఎండాకాలంలో ఆ వేడిని బయటికి పంపేది ముఖ్యంగా ఆవిరయ్యే చెమటే. కారి కిందపడిన చెమట వల్ల ఒంట్లో నీరు పోతుందే తప్ప చల్లదనం రాదు. కృష్ణ పక్కన గాల్లో తేమ ఎక్కువగా ఉన్న రోజున మంచి జెర్సీకి, కాటన్ బనియన్‌కు తేడా అప్పుడు తెలుస్తుంది.

మీరే ఇంట్లో చూసుకోండి. జెర్సీ, బిబ్ షార్ట్స్ (భుజాల పట్టీలుండే బిగుతు షార్ట్స్), సాక్స్, షూ అన్నింటినీ రైడ్‌కు ముందు ఒకసారి, వచ్చాక ఒకసారి తూచండి. ఏది ఎక్కువ పెరిగిందో అదే మార్చండి. చాలామందికి అది జెర్సీ లోపల వేసుకునే కాటన్ బనియన్ అవుతుంది. దాన్ని మానేయడానికి పైసా ఖర్చు లేదు.

అపోహ: ఒక వాటర్ బాటిల్ తీసేస్తే ముప్పావు కిలో తగ్గినట్టే.

వాస్తవం: ఈ పని మాత్రం దయచేసి చేయకండి. ఎండాకాలంలో గట్టిగా తొక్కే మనిషికి గంటకు లీటరు చెమట పోవడం మామూలు విషయం, కొందరికి ఇంకా ఎక్కువ. రెండో బాటిల్ ఇంట్లో వదిలేసి మంగళగిరి దాటాక కళ్లు తిరిగి కూర్చున్నవాళ్లను చూశాను. నాకు నిజంగా భయం వేసేది ఈ అపోహ ఒక్కటే. నీళ్ల బరువు మోయాల్సిందే. వాటిలో కాస్త ఉప్పు, నిమ్మరసం కూడా ఉండాలి.

అపోహ: జెర్సీ ఎంత వలలా ఉంటే అంత చల్లన.

వాస్తవం: తెల్లవారి ఐదుకు బయల్దేరి ఏడింటికి ఇంటికి చేరేవాళ్లకు నిజమే. తొమ్మిది, పది దాకా రోడ్డు మీద ఉండేవాళ్లకు కాదు. వల సందుల్లోంచి ఎండ నేరుగా చర్మానికి తగులుతుంది. వీపు మీద గళ్లుగళ్లుగా నల్లబడి, రెండు రోజులు చొక్కా తగిలినా మండుతుంది. పక్కల, చంకల దగ్గర వలలాంటి బట్ట, వీపు మీద, భుజాల మీద దగ్గరి నేత ఉన్నది తీసుకోండి. చేతులకు తెల్లటి స్లీవ్స్ వేసుకోండి. కొన్ని గ్రాములు పెరిగినా పర్లేదు, వాటి మీద నీళ్లు చల్లుకుంటే చేతులు చల్లబడతాయి.

అపోహ: షూ తిరిగే భాగం కాబట్టి దాని బరువు రెండింతలు లెక్క.

వాస్తవం: ఇది పరుగు నుంచి వచ్చిన లెక్క. పరిగెత్తేవాళ్లకు ఒక్కో షూ 100 గ్రాములు పెరిగితే శక్తి ఖర్చు దాదాపు 1 శాతం పెరుగుతుందని పరీక్షల్లో తేలింది. అక్కడ ప్రతి అడుగుకూ పాదాన్ని లేపాలి, ముందుకు విసరాలి, ఆపాలి. సైకిల్ మీద రెండు క్రాంక్‌లు, అంటే పెడళ్లను మోసే కడ్డీలు, ఒకే ఇరుసుకు బిగించి ఉంటాయి. బావి గిలక మీద రెండు బొక్కెనల్లా ఒకవైపు దిగే బరువు రెండోవైపు బరువును లేపుతుంది. పైగా 170 మిల్లీమీటర్ల క్రాంక్‌తో నిమిషానికి 90 సార్లు తొక్కినా, ఇరుసు చుట్టూ పాదం తిరిగే వేగం గంటకు 6 కిలోమీటర్ల లోపే, అదీ ఒకే తీరున. కాబట్టి షూ మీది 100 గ్రాములు జేబులోని 100 గ్రాముల లాంటివే.

అపోహ: కార్బన్ సోల్ ఉంటేనే పవర్ వృథా కాదు.

వాస్తవం: అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయంలో రోజర్ క్రామ్ బృందం దీన్నే పరీక్షించింది. 50 నుంచి 150 వాట్ల దాకా నిలకడగా తొక్కేటప్పుడు, మామూలు రన్నింగ్ షూకూ, పెడల్‌కు తగులుకునే సైక్లింగ్ షూకూ శక్తి ఖర్చులో తేడా కనిపించలేదని 2016లో ప్రచురించారు. పూర్తి బలంతో స్ప్రింట్ చేసినప్పుడు సైక్లింగ్ షూ మేలని 2020లో తేల్చారు. అయితే సోల్ ఎంత గట్టిదైతే అంత లాభమని మాత్రం రాలేదు.

అంటే సైక్లింగ్ షూ దండగ అని కాదు. పాదం ఒకేచోట నిలుస్తుంది, గుంతల రోడ్డు మీద జారదు, మోకాలు రోజూ ఒకే దారిలో కదులుతుంది. నైలాన్ సోల్ షూ కూడా ఇవన్నీ ఇస్తుంది.

నా దగ్గరికి వచ్చే నొప్పుల్లో ఎక్కువ భాగం సోల్ మెత్తదనం వల్ల వచ్చినవి కావు, ఇరుకు షూ వల్ల వచ్చినవి. గంట తొక్కాక వేడికి పాదం ఉబ్బుతుంది. తేలికైన రేసింగ్ షూలు చాలావరకు ముందుభాగం సన్నగా ఉంటాయి. షూ విప్పగానే చిటికెన వేలి పక్కన ఎర్రగా కందిన గీత, వేళ్ల మొదట్లో నొక్కితే అరికాలంతా చురుక్కుమనడం చూస్తూనే ఉంటాను. సాయంత్రం పూట, తొక్కేటప్పుడు వేసుకునే సాక్స్‌తోనే షూ వేసి చూసుకోండి. వేళ్లు ఆడాలి, మడమ లేవకూడదు. షిమానో లాంటి కంపెనీలు వెడల్పు రకం కూడా అమ్ముతున్నాయి, అడిగి తెప్పించుకోండి. 60 గ్రాములు ఎక్కువున్నా సరే, పాదం పట్టేదే కొనండి.

రైడ్ మధ్యలో టిఫిన్‌కు ఆగే అలవాటుంటే సోల్‌లోపలికి క్లీట్ దాగి ఉండే రెండు బోల్టుల రకం షూ బాగుంటుంది. తడి టైల్స్ మీద కార్బన్ సోల్, ప్లాస్టిక్ క్లీట్ ఘోరంగా జారతాయి.

అపోహ: వదులు బట్టల్లో గాలి ఆడుతుంది, హాయి.

వాస్తవం: ఆఫీసుకు మెల్లగా వెళ్లేవాళ్లకు హాయే. గంటకు 30 కిలోమీటర్ల వేగంలో మాత్రం మన శక్తిలో పెద్ద వాటా, మామూలు పొజిషన్‌లో 110 వాట్ల పైమాటే, గాలిని చీల్చడానికే పోతుంది. రెపరెపలాడే చొక్కా వల్ల ఆ నిరోధం 5 శాతం పెరిగిందనుకున్నా దాదాపు 6 వాట్లు పోయినట్టు. పైన చెప్పిన ఎనిమిదో వంతు వాట్ పక్కన దీన్ని పెట్టి చూడండి. తేలికైన వదులు జెర్సీ కంటే కాస్త బరువున్నా ఒంటికి అతికే జెర్సీ మేలు.

బిగుతు షార్ట్స్‌తో వీధిలో నిలబడటానికి మొహమాటపడేవాళ్లు ఉన్నారు, ముఖ్యంగా ఆడపిల్లలు. పైన ఒక పల్చటి నిక్కరు వేసుకోండి. దాని బరువు గురించి ఆలోచించకండి, మీరు రోడ్డెక్కడం ముఖ్యం.

కొన్ని ఒక్క మాటలో తేలిపోయేవి. బిబ్ షార్ట్స్‌లో పల్చటి ప్యాడ్ తేలికే, కానీ రెండు గంటలు దాటితే కురుపులు తప్పవు. దాని లోపల డ్రాయర్ వేసుకోకండి, ఒరిపిడీ పెరుగుతుంది, తడీ పెరుగుతుంది. క్లీట్లకు టైటానియం బోల్టులు వేస్తే తగ్గేది కొద్ది గ్రాములే. షూ సోల్‌కు రంధ్రాలు వేయడం, ఇన్‌సోల్ కత్తిరించడం ఎవరు చెప్పినా వద్దు. హెల్మెట్ విషయంలో సర్టిఫికేషన్ చూడండి, గ్రాములు ఆ తర్వాత.

జేబులు ఒకసారి ఖాళీ చేసి తూచండి. ఇంటి తాళాల గుత్తి, పవర్ బ్యాంక్, నిండు పర్సు కలిపితే అర కిలో దాకా తేలుతుంది. ఒక తాళంచెవి, ఫోను, కాస్త డబ్బు చాలు. పంక్చర్ సామాను మాత్రం ఉంచుకోండి.

షూ కూడా చెమట తాగుతుంది. ఇంటికి రాగానే ఇన్‌సోల్ బయటికి తీసి, లోపల న్యూస్‌పేపర్ ఉండలు కుక్కి, గంటకోసారి మార్చండి. ఎండలో పెడితే సోల్ జిగురు వదిలేస్తుంది. ఫ్యాన్ కింద పెట్టండి, తెల్లారేసరికి ఆరిపోతుంది.