గోధుమ గింజలో దాగే కాటుక తెగులు

గోధుమ పొలంలో మంచి వెన్నులకన్నా కాస్త ముందే అక్కడక్కడా నల్లటి వెన్నులు బయటపడతాయి. గింజ ఉండాల్సిన చోట పలుచని పొర, దాని కింద నల్లటి పొడి. పొర చిట్లి పొడి గాలికి ఎగిరిపోయాక ఉత్త ఈనె మిగులుతుంది. ఇదే కాటుక తెగులు. దీనికి కారణం ఉస్టిలాగో ట్రిటిసి అనే శిలీంధ్రం. ఈ దశలో మందు కొట్టినా పోయిన వెన్ను తిరిగి రాదు, ఎందుకంటే తెగులు సోకింది నిరుడు, ఆ విత్తనం ఇంకా పువ్వుగా ఉన్నప్పుడు.

ఆ పొడంతా సిద్ధబీజాలు, అంటే శిలీంధ్రానికి విత్తనాల్లాంటి కణాలు. పక్క మొక్కల విచ్చిన పువ్వుల్లో పడి మొలకెత్తి, ఎదుగుతున్న గింజ పిండంలోకి, అంటే మొలకయ్యే భాగంలోకి చొరబడతాయి. పూత సమయంలో 16–22 డిగ్రీల వేడి, గాలిలో తేమ ఉంటే వీటికి బాగా కలిసొస్తుంది. గింజ మాత్రం నిండుగానే తయారవుతుంది, చూసి పోల్చుకోవడం అసాధ్యం. దాన్ని విత్తితే లోపలి శిలీంధ్రం మొక్క పెరిగే కొనతోపాటే పైకి పాకి వెన్నును ఆక్రమిస్తుంది.

అందుకే గింజ పైపొర మీదే పనిచేసే థైరామ్ అనే మందు ఒక్కటీ చాలదు, పిండం దాకా చేరే మందు కావాలి. కార్బాక్సిన్ 75 శాతం పొడి మందును కిలో విత్తనానికి 2.5 గ్రాముల చొప్పున, ప్రతి గింజకూ అంటేలా పట్టించాలి.

మందుల్లేని కాలంలో వేడినే వాడారు. విత్తనాన్ని 26–30 డిగ్రీల నీటిలో 4 గంటలు నానబెట్టి, 54 డిగ్రీల నీటిలో 10 నిమిషాలు ముంచి, వెంటనే చల్లార్చి ఆరబెట్టేవారు. నానితే నిద్రాణంగా ఉన్న శిలీంధ్రం మేలుకుంటుంది, మేలుకున్నదే వేడికి చస్తుంది. కిటుకంతా ఇక్కడే ఉంది. నానబెట్టకుండా వేడి చేస్తే శిలీంధ్రం తట్టుకుంటుంది, వేడి కాస్త మించితే మొలక చస్తుంది. థర్మామీటర్ లేకుండా ఈ పనికి దిగకూడదు.

విత్తనం కోసం పెంచే పొలంలో నల్ల వెన్ను కనబడగానే, పొర చిట్లకముందే, దానికి సంచి తొడిగి మొక్కను పిలకలతో సహా పీకి కాల్చేయాలి. సంచి లేకుండా కదిపితే మనమే పొడిని చల్లినట్టవుతుంది. నేలలో పడిన సిద్ధబీజాలు వచ్చే పంట దాకా బతకవు కాబట్టి పంట మార్పిడితో ఈ తెగులు తగ్గదు. తెగులు సోకిన చేను గింజను మాత్రం విత్తనానికి దాచకూడదు.