కోతుల జ్వరం గురించి పిల్లలకు

చిరంజీవులైన పిల్లలకు,

అడవిలోకి వెళితే జబ్బులు వస్తాయని ఎవరో చెప్పారనీ, అది నిజమేనా అనీ మీరు అడిగారు. ఒక్క మాటలో తేల్చే ప్రశ్న కాదు కనుక, కర్ణాటకలో జరిగిన ఒక సంగతి వివరంగా రాస్తున్నాను.

1957లో షిమోగా జిల్లా సొరబ తాలూకాలోని క్యాసనూరు అడవిలో కొండముచ్చులూ కోతులూ వరుసగా చనిపోసాగాయి. ఆ చుట్టుపక్కల పల్లెల వారికి ఉన్నట్టుండి తీవ్రమైన జ్వరం, భరించలేని తలనొప్పి, ఒళ్ళునొప్పులు వచ్చాయి. కొందరికి ముక్కునుండి, చిగుళ్ళనుండి రక్తం కారింది. దక్షిణ అమెరికా అడవుల్లో కోతులు చనిపోవడం పచ్చజ్వరం (యెల్లో ఫీవర్) అనే జబ్బుకు గుర్తు కాబట్టి, అది మన దేశంలోకీ వచ్చిందేమోనని శాస్త్రవేత్తలు మొదట భయపడ్డారు. పుణేలోని వైరస్ పరిశోధన కేంద్రం వారు పరీక్షించగా, అది అంతవరకూ ఎవరికీ తెలియని కొత్త వైరస్ అని తేలింది. దానికి ఆ అడవి పేరే పెట్టారు. జనం మాత్రం కోతుల జ్వరం అంటారు.

అయితే దీన్ని మనుషులకు అంటించేది కోతి కాదు, పిడుదు. పశువుల చెవుల్లో, గంగడోలు కింద అంటుకుని ఉండే పిడుదులను మీరు చూసే ఉంటారు. ఆ జాతికి చెందినవే కొన్ని అడవిలో రాలిన ఆకుల మధ్య బతుకుతాయి. పిల్ల పిడుదులు ఎలుకలు, ఉడుతలు, పక్షులు, కోతుల రక్తం తాగుతాయి, ఎదిగినవి పశువుల వంటి పెద్ద జంతువులను పట్టుకుంటాయి. వైరస్ సోకిన కోతి చనిపోయినప్పుడు దాని ఒంటిమీది పిడుదులు అక్కడే నేల మీదికి దిగి, ఆ దారిన వచ్చే మరో ప్రాణి కోసం కాచుకుంటాయి. పిల్ల పిడుదులు ఎక్కువగా తిరిగేది డిసెంబరు నుండి మే వరకు. మలెనాడు అనే ఆ కొండ ప్రాంతపు రైతులు కట్టెలకూ, పశువుల పాకలో పరిచే ఎండుటాకులకూ అడవికి వెళ్ళేదీ సరిగ్గా ఆ నెలల్లోనే. పొట్టకూటి కోసం వెళ్ళినవారే ఎక్కువగా జబ్బుపడ్డారన్నది నన్ను ఎప్పుడూ బాధపెట్టే విషయం.

ఇక అసలు సంగతికి వస్తాను. ఈ వైరస్ అంతకుముందు కూడా అడవిలోని చిన్న జంతువులలో, పిడుదులలో ఎవరి కంటా పడకుండా ఉండి ఉంటుందని పరిశోధకులు భావించారు. సాగు కోసం అడవిని ముక్కలుముక్కలుగా నరికినప్పుడు ఆ ఖాళీలలో లాంటానా పొదలు అల్లుకున్నాయి, వాటిలో ఎలుకలు చేరాయి, పల్లె పశువులు అడవి అంచుల్లో మేస్తూ ఎదిగిన పిడుదులకు కావలసినంత రక్తం అందించాయి. పశువులు ఈ జబ్బును వ్యాప్తి చేయవు గాని, పిడుదుల సంతతిని మాత్రం విపరీతంగా పెంచుతాయి. 1980ల మొదట్లో దక్షిణ కన్నడ జిల్లా బెళ్తంగడి తాలూకాలో జీడిమామిడి తోట వేయడానికి అడవిని కొట్టినప్పుడు ఈ జ్వరం అక్కడ పెద్ద ఎత్తున ప్రబలింది. ఆ తరువాత కేరళ, తమిళనాడు, గోవా, మహారాష్ట్రలలోనూ కనిపించింది. అందుచేత, దట్టమైన అడవి కంటే మనం చెదరగొట్టిన అడవి అంచే మన ఆరోగ్యానికి ఎక్కువ ప్రమాదకరమని నా అభిప్రాయం.

మన వైపు నుండి చాలామంది జోగ్ జలపాతం చూడటానికి ఆ షిమోగా జిల్లాకే వెళతారు. మీరూ ఎప్పుడైనా వెళితే భయపడకండి, కానీ అడవిలో ఎండుటాకుల మీద కూర్చోవద్దు, కాళ్ళూ చేతులూ పూర్తిగా కప్పే బట్టలు వేసుకోండి, తిరిగి రాగానే వేడినీళ్ళతో, సబ్బుతో స్నానం చేసి ఒంటిమీద పిడుదులున్నాయేమో పెద్దలచేత చూపించుకోండి. చనిపోయిన కోతి కనబడితే దగ్గరకు పోకుండా వెంటనే అటవీ సిబ్బందికో ఆరోగ్య కేంద్రానికో చెప్పించండి. ఆ కబురు త్వరగా అందితే వారు ఆ చోట పిడుదుల మందు చల్లి, చుట్టుపక్కల పల్లెలను ముందుగానే హెచ్చరించగలుగుతారు.

ఆశీస్సులతో,
మీ తాతయ్య