అరసవల్లిలో అడిగిన ప్రశ్న

శ్రీకాకుళం

చిరంజీవులైన పిల్లలకు తాతయ్య ఆశీస్సులు.

మొన్న మార్చి 10వ తేదీ పొద్దున్నే అరసవల్లిలో లేత ఎండ ద్వారాలన్నీ దాటివచ్చి సూర్యనారాయణ స్వామి పాదాలను తాకిన వేళ, మీలో అందరికంటే చిన్నది నా చెయ్యి పట్టుకు లాగి, "తాతయ్యా, ఈ గుడిని తీసుకెళ్లి ఇంకోచోట కడితే అక్కడ కూడా ఎండ ఇలాగే లోపలికి వస్తుందా?" అని అడిగింది. ఆ రద్దీలో జవాబు చెప్పలేకపోయాను. అలాంటి పని ఒకచోట నిజంగానే జరిగింది. అది ఏ ఒక్క దేశమో చేయగలిగిన పని కాదు కనుక, తీరిగ్గా కూర్చుని వివరంగా రాస్తున్నాను.

ఈజిప్టు దక్షిణ భాగంలో నైలు నది ఒడ్డున అబూ సింబెల్ అనే చోట, దాదాపు 3,200 ఏళ్ల కిందట రెండవ రామ్సెస్ అనే రాజు కొండను తొలిపించి గుడి కట్టించాడు. వాకిట్లో కూర్చున్న నాలుగు విగ్రహాలు ఒక్కొక్కటీ సుమారు 20 మీటర్ల ఎత్తుంటాయి. మన అరసవల్లిలో మార్చిలోనూ అక్టోబరులోనూ జరిగినట్టే, అక్కడ ఫిబ్రవరిలోనూ అక్టోబరులోనూ ఉదయపు సూర్యకిరణాలు కొండ లోపలి గర్భగుడి దాకా వెళ్లి అక్కడి మూర్తుల మీద పడతాయి. 1960లో ఆ నది మీద అస్వాన్ దగ్గర పెద్ద ఆనకట్ట పని మొదలైంది. కరెంటుకూ సాగునీటికీ ఆనకట్ట కావలసిందే. కాని అది పూర్తయితే ఈ గుడితోపాటు, ఈజిప్టు దక్షిణానా సూడాన్ ఉత్తరానా పరుచుకున్న నూబియా ప్రాంతంలోని ఎన్నో ఆలయాలు నీట మునుగుతాయి. అందుకని ఈజిప్టు, సూడాన్ ప్రభుత్వాలు సాయం కోరగా, ఐక్యరాజ్యసమితికి చెందిన యునెస్కో 1960 మార్చి 8న ప్రపంచ దేశాలన్నిటికీ విజ్ఞప్తి చేసింది.

ఆ పని ఎలా చేశారో చెబుతాను. ముందు ఎగదన్నే నీరు గుడిని చేరకుండా అడ్డుకట్ట వేశారు. పైనున్న కొండను తవ్వుతున్నప్పుడు రాళ్లు దొర్లి విగ్రహాల ముఖాలు పగలకుండా వాటి ముందు ఇసుక గుట్టలుగా పోశారు. తరువాత గుడిని వెయ్యికి పైగా దిమ్మలుగా కోశారు. వాటిలో కొన్ని 30 టన్నుల దాకా బరువున్నాయి. చెక్కడం ఉన్న వైపు యంత్రాలను నమ్మక, మనుషులు చేతి రంపాలతోనే సన్నగా కోశారు. ఒక్కొక్క దిమ్మకూ అంకె వేసి, 65 మీటర్ల ఎత్తుకు చేర్చి, నదికి 200 మీటర్లు వెనగ్గా మళ్లీ పేర్చారు. 1964లో మొదలైన పని 1968 నాటికి ముగిసింది. నాకు అన్నిటికంటే గొప్పగా తోచేది వాళ్లు గుడి దిక్కు మారనివ్వకపోవడం. కిరణం ఇప్పటికీ లోపలికి వస్తుంది. తేదీ ఒక్క రోజు అటూ ఇటూ అయిందంటారు, అంతే. చిన్నతల్లీ, నీ ప్రశ్నకు ఇదీ జవాబు.

నూబియా పనులకైన ఖర్చులో దాదాపు సగం యాభై దేశాలు ఇచ్చాయి. మన దేశం నుంచి బి.బి.లాల్ నాయకత్వంలో పురావస్తు బృందం 1961-62లో అక్కడికి వెళ్లి, మునిగిపోయే నేలలో తవ్వకాలు జరిపింది. అదే కాలంలో మన కృష్ణా నది మీద నాగార్జున సాగర్ కడుతుంటే, నాగార్జునకొండ లోయలో బయటపడిన బౌద్ధ కట్టడాలు కొన్నిటిని కొండ మీదికి తరలించి మళ్లీ కట్టారు. ఆ కొండే ఇప్పుడు జలాశయం మధ్య ద్వీపమైంది. సొంత ఇంట్లో అదే కష్టం పడుతున్నవాళ్లు ఇంకొకరి కష్టానికి వెళ్లారన్న సంగతి తలచుకుంటే నాకు ఇప్పటికీ గర్వంగా ఉంటుంది. ఈ అనుభవమే 1972 నాటి ప్రపంచ వారసత్వ ఒప్పందానికి దారి చూపింది. భారతదేశం అందులో 1977లో చేరింది. ఆ ఒప్పందం ప్రకారం గుడి ఏ దేశంలో ఉంటే ఆ దేశానిదే. దాన్ని కాపాడే బాధ్యతలో మాత్రం అందరికీ పాలుంటుంది.

బయటివాళ్లు వచ్చి చేసినంత మాత్రాన పని మంచిదైపోదు. కంబోడియాలోని అంగ్‌కోర్ వాట్ గుడిలో మన పురావస్తు శాఖ 1986 నుంచి 1993 దాకా ఎంతో శ్రమించింది. ఆ దేశంలో యుద్ధం ఇంకా చల్లారని రోజులవి. అయినా రాళ్లను రసాయనాలతో శుభ్రం చేసిన తీరును ఇతర దేశాల నిపుణులు తప్పుపట్టారు. 1993 నుంచి అక్కడ ఏ దేశం పనిచేసినా దాని పద్ధతిని ఒక అంతర్జాతీయ సంఘం పరిశీలిస్తోంది. ఒకరి పనిని మరొకరు సరిచూడడం కూడా సహకారమే.

ఇక దొంగతనాల సంగతి. తమిళనాడులోని శ్రీపురంతాన్ గుడి నుంచి మాయమైన నటరాజ విగ్రహాన్ని 2008లో ఆస్ట్రేలియా జాతీయ చిత్రశాల 50 లక్షల అమెరికన్ డాలర్లకు కొన్నది. అది ఆ గుడిదేనని తేల్చడానికి అక్కరకొచ్చినది, పుదుచ్చేరిలోని ఫ్రెంచి పరిశోధన సంస్థ అంతకు ఎన్నో ఏళ్ల ముందు తీసి దాచిన ఫోటో. 2014లో నటరాజు తిరిగొచ్చాడు. మన ప్రకాశం జిల్లా చందవరం నుంచి పోయిన బౌద్ధ శిల్పఫలకం కూడా 2016లో అదే చిత్రశాల నుంచి మనకు చేరింది.

ఆ ఫోటో మాట వచ్చినప్పుడల్లా మా ఊరి శివాలయం గుర్తొస్తుంది. దాని ద్వారబంధం మీద మూడు వరుసల పాత అక్షరాలుండేవి. నాకు ఇరవై ఏళ్లప్పుడు శివరాత్రికి ముందు దాన్ని గీకి రంగు వేశారు. పక్కనే నిలబడి చూశాను గాని, ఒక్క కాగితం మీదికైనా ఆ అక్షరాలను దించుకోలేదు. వాటిలో ఏముందో ఇప్పుడు చెప్పగలవారెవరూ లేరు.

వచ్చే ఆదివారం మనం శాలిహుండం కొండకు వెళదాం. 1919లో గిడుగు రామమూర్తి పంతులుగారు గుర్తించిన బౌద్ధ స్థలం అది. పైనుంచి వంశధార కనబడుతుంది. గుండ్రని ఇటుక పునాదుల చుట్టుకొలత తీసి, బొమ్మ గీసి, తేదీ వేద్దాం. ఇటుకలను కదపకండి. గళ్ల కాగితాలూ పెన్సిళ్లూ మీరు తెచ్చుకోండి, కొలత టేపు నేను తెస్తాను.

ఇట్లు,
మీ తాతయ్య