బంతి చేజారాక పది సెకన్లు

చిరంజీవులకు ఆశీస్సులు.

మెల్‌బోర్న్ పడమటి శివార్లలో, టార్నీట్‌లోనూ పాయింట్ కుక్‌లోనూ, పెరుగుతున్న మన పిల్లల్లో ఫుటీ, అంటే ఆస్ట్రేలియన్ రూల్స్ ఫుట్‌బాల్, చూసేవాళ్లు ఉన్నారు, ఆస్కిక్ అనే పిల్లల శిక్షణకు వెళ్లి కోలబంతి తన్నడం నేర్చుకుంటున్నవాళ్లూ ఉన్నారు. స్కోరు అడిగితే గడగడా చెబుతారు. మీ జట్టు ఎందుకు ఓడిందిరా అంటే మాత్రం "బాగా ఆడలేదు" అనో, "అంపైర్ వల్లే" అనో జవాబు. అంపైర్ సంగతి అలా ఉంచండి. బాగా ఆడకపోవడం అంటే ఏమిటో, దాన్ని కంటితో ఎలా పట్టుకోవాలో చెబుదామని ఈ ఉత్తరం. హైదరాబాద్‌లోనో గుంటూరులోనో ఉన్న మీ అన్నదమ్ములకూ పంపండి. వాళ్ల కోసం మొదట నాలుగు ముక్కలు రూల్స్ చెబుతాను, తెలిసినవాళ్లు దాటేయొచ్చు.

మైదానం అండాకారం. పొడవు 135 నుంచి 185 మీటర్లు, వెడల్పు 110 నుంచి 155 మీటర్లు ఎంతైనా ఉండొచ్చు. ఒక్కో జట్టుకు మైదానంలో 18 మంది. రెండు కొసలా నాలుగేసి స్తంభాలు, స్తంభానికీ స్తంభానికీ మధ్య 6.4 మీటర్లు. నడిమి సందులోంచి తన్నితే గోల్, 6 పాయింట్లు. పక్క సందుల్లోంచి పోతే బిహైండ్, 1 పాయింటు. కనీసం 15 మీటర్లు తన్నిన బంతిని నేల తాకకముందే పట్టుకుంటే మార్క్, అంటే పట్టినవాడు మీద ఎవరూ పడకుండా తీరిగ్గా తన్నొచ్చు. చేత్తో విసరడానికి లేదు, ఒక చేతిలో పెట్టుకుని రెండో పిడికిలితో గుద్దాలి. నాలుగు క్వార్టర్లు, ఆగిన సమయం కలుపుకుంటే ఒక్కోటి అరగంట దాకా సాగుతుంది.

వీటన్నిటికన్నా ముఖ్యమైన సంగతి, ఈ ఆటలో ఆఫ్‌సైడ్ లేదు. ఎవరు ఎక్కడైనా నిలబడొచ్చు. వ్యూహమంతా ఈ ఒక్క సందులోంచే పుట్టింది.

కబడ్డీలో రైడర్ కూతకు వెళ్తే చూసేవాళ్ల కళ్లన్నీ అతని మీదే ఉంటాయి. ఆట తెలిసినవాడు మాత్రం చేతులు పట్టుకున్న డిఫెండర్ల కాళ్ల వైపు చూస్తాడు. ఫుటీలోనూ అదే పని చేయాలి. బంతి ఒక జట్టు నుంచి ఇంకో జట్టుకు మారడాన్ని టర్నోవర్ అంటారు. ఆటలో పడే స్కోరులో సగానికి పైగా ఈ టర్నోవర్ల నుంచే వస్తుంది. అందుకని బంతి చేజారిన వెంటనే ఓ పది సెకన్లు బంతిని వదిలేయండి. పోగొట్టుకున్న జట్టు ఎటు పరిగెడుతోంది, గెలుచుకున్న జట్టు ముందర ఎంత ఖాళీ ఉంది, ఈ రెండూ చూడండి. జట్టు ఫామ్‌లో ఉందో లేదో అక్కడే తెలిసిపోతుంది.

ఈ పది సెకన్ల గురించి కోచ్‌లు ఏళ్ల తరబడి ఒకరి మీద ఒకరు ఎత్తులు వేసుకుంటూ వచ్చారు. 2000లో ఎసెండన్ ఏడాది మొత్తం మీద ఒక్క మ్యాచే ఓడింది. ఓడించింది మీ పడమటి దిక్కు జట్టే, వెస్టర్న్ బుల్‌డాగ్స్. కోచ్ టెర్రీ వాలెస్ తన ఆటగాళ్లను గుంపుగా వెనక్కి దించి, ఎసెండన్ ఫార్వర్డ్‌లకు (గోల్ కొట్టే ముందు వరుసవాళ్లకు) పరిగెత్తే చోటే లేకుండా చేశాడు. దీన్ని ఫ్లడ్ అంటారు. చూడ్డానికి విసుగు, కానీ బలహీనులకు పనికొచ్చే ఆయుధం. చిక్కల్లా ఒకటే. బంతి గెలిచాక అందరూ వెనకే ఉంటారు, ముందుకు తన్నితే పట్టేవాడుండడు.

పదేళ్ల తర్వాత మిక్ మాల్ట్‌హౌస్ శిక్షణలోని కాలింగ్‌వుడ్ దీన్ని తలకిందులు చేసింది. గుంపును తమ గోల్ దగ్గర పెట్టకుండా ఎదుటివాళ్ల గోల్ వైపు నెట్టింది. దీని పేరు ప్రెస్. ఫార్వర్డ్‌లు బంతి పోగొట్టుకున్నా సరే, మిడ్‌ఫీల్డర్లు (మధ్యవాళ్లు), హాఫ్‌బ్యాక్‌లు (వెనకవాళ్లలో కాస్త ముందుండేవాళ్లు) పైకి జరిగి వల కడతారు. ఎదుటి డిఫెండర్ తలెత్తి చూస్తే దగ్గర్లో ఖాళీగా ఉన్నవాడు కనబడడు. గత్యంతరం లేక అంచు వెంబడి పొడుగ్గా తంతాడు, అక్కడ కాచుకుని ఉన్నవాళ్లు పట్టుకుంటారు. బంతి మళ్లీ లోపలికే వస్తుంది. 2010 గ్రాండ్ ఫైనల్ (ఏడాది చివర కప్పు ఎవరిదో తేల్చే మ్యాచ్) సెయింట్ కిల్డాతో 68-68 సమానమై, మళ్లీ ఆడిన మ్యాచ్‌లో కాలింగ్‌వుడ్ గెలిచింది.

ప్రెస్ ఎక్కడ తెగుతుందో జాగ్రత్తగా చూడండి, మీకు ప్రతి వారం కనబడేది ఇదే. వల పైకి జరిగిందంటే దాని వెనక 60, 70 మీటర్లు ఖాళీ. వలలో ఒక్కడు రెండు అడుగులు ఆలస్యమైనా ఎదుటివాళ్లు మైదానం మధ్యలోంచి, అంటే కారిడార్ గుండా, ఒక్క తన్నుతో బయటపడతారు. ఇక గోల్ దాకా అడ్డుండదు. మీ జట్టు ఇలా వెనక నుంచి తేలిక గోల్స్ ఇస్తుంటే బ్యాక్‌లైన్‌ను తిట్టకండి. తప్పు 80 మీటర్ల అవతల జరిగింది. ఫార్వర్డ్ ఒకడు ట్యాకిల్ చేయాల్సిన (బంతి ఉన్నవాణ్ని ఒడిసిపట్టాల్సిన) చోట చేతులు నడుం మీద పెట్టుకున్నాడు, లేదా వింగ్ మీద (మైదానం పక్క అంచున) ఉన్నవాడు బంతి తమవాళ్లకే దక్కుతుందని తొందరపడి ముందుకు దూకాడు. రెండోది మరీ ఎక్కువ. కుర్రాళ్లంతా చేసే పొరపాటు.

ప్రెస్‌కు విరుగుడు స్విచ్. ఒక అంచున ఇరుక్కున్న బంతిని వెనక్కి తిప్పి, రెండో అంచుకు రెండు మూడు తన్నుల్లో చేర్చడం. వల మొత్తం అడ్డంగా జరగాలి, జరిగేలోపు ఖాళీ దొరుకుతుంది. 2021లో వచ్చిన స్టాండ్ రూల్ దీనికి సాయం చేసింది. మార్క్ పట్టినవాడి ఎదుట నిలబడ్డవాడు పక్కకు కదలకూడదు, కదిలితే 50 మీటర్ల శిక్ష, అంటే తన్నేవాడు గోల్ వైపు అంత ముందుకు జరుగుతాడు. దాంతో తన్నేవాడికి కోణం మార్చుకోవడం తేలికైంది. అయితే స్విచ్‌కు వెడల్పు కావాలి. మెల్‌బోర్న్ క్రికెట్ గ్రౌండ్, అదే ఎంసీజీ, మీద అది దొరుకుతుంది. జీలాంగ్ సొంత మైదానం సన్నగా, పొడుగ్గా ఉంటుంది, అక్కడ వల అడ్డంగా జరగడానికి ఎంతోసేపు పట్టదు. ఎంసీజీలో చక్కగా స్విచ్ చేసిన జట్టు ఆ తర్వాతి వారం జీలాంగ్‌లో ఊపిరాడక ఓడితే, ఫామ్ పోయిందని ఏడవనక్కర్లేదు.

కప్పు గెలిచిన జట్లు ఈ పది సెకన్లను ఎలా వాడుకున్నాయో చూస్తే మజా ఉంటుంది. 2016లో 13వ స్థానంలో ఉన్న రిచ్‌మండ్ 2017లో కప్పు కొట్టింది. డేమియన్ హార్డ్‌విక్ ముందు వరుసలో పొడుగువాణ్ని ఒక్కణ్నే ఉంచాడు, జాక్ రీవోల్ట్‌ను. చుట్టూ పొట్టిగా, చురుగ్గా ఉన్నవాళ్లు. రీవోల్ట్ మార్క్ పట్టలేకపోయినా పరవాలేదు, బంతిని కిందకు పడేయాలి. పడ్డాక పొట్టివాళ్లు మీద పడి వదలరు. పొందికగా పాస్‌లు ఇవ్వాలన్న పట్టుదల లేదు, ఎలాగోలా బంతి ముందుకు పోతూ ఉండాలి. 2019లోనూ 2020లోనూ మళ్లీ గెలిచారు.

2021 మెల్‌బోర్న్ జట్టు దారి వేరు. స్టీవెన్ మే, జేక్ లీవర్ అనే ఇద్దరు డిఫెండర్లు ఎదుటివాళ్ల పొడుగు తన్నుల్ని గాలిలోనే పట్టేసేవాళ్లు. ఇలాంటి జట్టు మీద గుడ్డిగా లోపలికి తన్నడం అంటే బంతిని వాళ్ల చేతికి ఇచ్చినట్టే. వాళ్లను ఎదుర్కోవాలంటే లీవర్ లాంటివాడి పక్కన ఒక మంచి పొడుగు ఫార్వర్డ్‌ను అంటిపెట్టాలి, అతను బంతి కోసం తన మనిషిని వదిలి వస్తే ఆ మనిషి చేత గోల్ కొట్టించాలి. తన్ను కిందగా, వేగంగా ఉండాలి.

బ్రిస్బేన్‌ది మూడో దారి, నాకు బాగా నచ్చినది కూడా. క్రిస్ ఫేగన్ శిక్షణలో 2024లో సిడ్నీని 60 పాయింట్లతో, 2025లో జీలాంగ్‌ను 47 పాయింట్లతో గ్రాండ్ ఫైనల్లో ఓడించారు. చిన్న తన్ను, మార్క్, మళ్లీ చిన్న తన్ను. బంతి తమ దగ్గరే ఉంటే ఎదుటివాళ్లు ట్యాకిల్ చేసేదెవర్ని? ఈ పద్ధతి ఎంత ప్రశాంతంగా కనబడుతుందో అంత ప్రమాదం. కారిడార్‌లో 20 మీటర్ల తన్ను ఒకటి గురి తప్పితే, ఖాళీ కోసం విడివిడిగా పరుచుకున్న మనవాళ్లెవరూ అడ్డుకునే చోట ఉండరు. వానపడి బంతి జారుతుంటే ఈ ఆట కుదరదు. అప్పుడు ఏ జట్టైనా పొడుగ్గా తన్ని కింద కొట్లాడాల్సిందే.

స్కోరుకు టర్నోవర్ కాక ఇంకో మూలం స్టాపేజ్. ఆట ఆగి అంపైర్ బంతిని పైకి వేసే చోటు, లేదా అంచు నుంచి లోపలికి వేసేది. ఇందులో గోల్ తర్వాత నడి మైదానంలో జరిగేది ప్రత్యేకం. 2019 నుంచి ఆ ఒక్క క్షణంలో మాత్రం ఎవరెక్కడుండాలో రూల్ ఉంది. ప్రతి జట్టూ రెండు గోల్స్‌కూ 50 మీటర్ల దూరంలో ఉండే గీతల లోపల ఆరేసి మందిని, మధ్యలో ఆరుగుర్ని (నడిబొడ్డున నలుగురు, వింగ్‌ల మీద ఇద్దరు) ఉంచాలి. బంతి గాలిలోకి లేచాక ఇక ఎవరిష్టం వాళ్లది. అంటే ఆ అయిదారు సెకన్లు ఫ్లడ్ ఉండదు, వల ఉండదు, ముందు వరుస అంతా ఒకరికొకరు. అక్కడ రెండుసార్లు వరుసగా బంతి గెలిచిన జట్టు మ్యాచ్‌నే తిప్పేయగలదు. 2021 గ్రాండ్ ఫైనల్లో మెల్‌బోర్న్ మూడో క్వార్టర్‌లో 19 పాయింట్లు వెనకబడింది. నడిమధ్య నుంచి పెట్రాకా, ఆలివర్, గాన్ బంతి లాక్కుంటుంటే గోల్ మీద గోల్ పడి, చివరికి బుల్‌డాగ్స్ మీద 74 పాయింట్లతో గెలిచింది. కాబట్టి మీ జట్టు వరుసగా రెండు గోల్స్ ఇచ్చినప్పుడు మధ్యలో నిలబడిన నలుగురినీ కోచ్ మారుస్తున్నాడా, వింగ్ మీదివాణ్ని గోల్ వైపు ఓ పది అడుగులు వెనక నిలబెడుతున్నాడా చూడండి. ఏమీ చేయకపోతే మూడోదీ వస్తుందని పక్కవాడితో పందెం కాయొచ్చు. (మీ అమ్మానాన్నలకు చెప్పకండి.)

ఇక స్కోరు చదవడం. స్కోర్‌బోర్డు మీద గోల్స్, బిహైండ్స్ విడివిడిగా ఎందుకు రాస్తారో ఆలోచించారా? 2008 గ్రాండ్ ఫైనల్లో జీలాంగ్ 11 గోల్స్, 23 బిహైండ్స్, మొత్తం 89. హాథార్న్ 18 గోల్స్, 7 బిహైండ్స్, మొత్తం 115. స్కోరు పడిన సందర్భాలు లెక్కపెడితే జీలాంగ్‌వి 34, హాథార్న్‌వి 25. పైగా ఆ 23 బిహైండ్స్‌లో 11 హాథార్న్ డిఫెండర్లు తామే బంతిని గీత దాటించి ఇచ్చినవి. 6 పోయేచోట 1 ఇచ్చి ఊపిరి తీసుకున్నారు. మరుసటి ఏడాది నుంచి కావాలని అలా చేస్తే ఎదుటివాళ్లకు ఫ్రీ కిక్ అని రూలే పెట్టారు. 2023లో కాలింగ్‌వుడ్ 12 గోల్స్, 18 బిహైండ్స్‌తో 90 చేసి, 13 గోల్స్, 8 బిహైండ్స్ చేసిన బ్రిస్బేన్‌ను 4 పాయింట్లతో దాటింది. గోల్ ఒకటి తక్కువ, కప్పు మాత్రం వాళ్లదే. మ్యాచ్ అయ్యాక గెలుపోటముల కన్నా ముందు, ఎవరికి ఎన్ని అవకాశాలు, ఎక్కడి నుంచి అన్నది రాసుకోండి. ఎదురుగా 30 మీటర్ల నుంచి పోగొట్టినవి దురదృష్టం. అంచున, పక్క కోణం నుంచి తన్నాల్సి వచ్చినవి ఎదుటి డిఫెన్స్ గొప్పతనం. వచ్చే వారం మొదటివి బాగుపడొచ్చు, రెండోవి వాటంతటవి బాగుపడవు.

జట్ల స్థానాల పట్టికలో గెలుపుకు 4 పాయింట్లు, సమానమైతే 2. పాయింట్లు ఒకటే అయితే శాతం చూస్తారు. చేసిన మొత్తాన్ని ఇచ్చిన మొత్తంతో భాగించి వందతో గుణించడమే. 2100 చేసి 1900 ఇస్తే 110.5. నాకు గెలుపుల సంఖ్య కన్నా దీని మీద నమ్మకం ఎక్కువ. 2022లో కాలింగ్‌వుడ్ 16 మ్యాచ్‌లు గెలిచినా శాతం 104 దగ్గరే ఉంది, అంటే గెలిచినవి చాలావరకు వెంట్రుకవాసిలో గెలిచినవే. అదే ఏడాది కప్పు గెలిచిన జీలాంగ్‌ది 144. కాలింగ్‌వుడ్‌కు ఆ వెంట్రుక ఫైనల్స్‌లో (పట్టిక తేలాక పైజట్లు ఆడే మ్యాచ్‌ల్లో) ఎదురు తిరిగింది, సిడ్నీ చేతిలో ఒక్క పాయింటుతో ఓడారు. మరుసటి ఏడాది వాళ్లే 4 పాయింట్లతో కప్పు ఎత్తారు! దగ్గరి మ్యాచ్‌లు గెలవడం అదృష్టమా అభ్యాసమా అంటే, రెండూనూ.

శాతాన్నీ గుడ్డిగా నమ్మకండి. 18 జట్లు, ఒక్కోటి 23 మ్యాచ్‌లు ఆడుతుంది. 17 మందితో ఒక్కోసారి, అందులో ఆరుగురితో మాత్రం రెండోసారి. ఆ ఆరుగురు ఎవరన్న దాన్ని బట్టి పట్టిక వంగుతుంది. పెర్త్‌కు నాలుగు గంటల విమానం ఎక్కి ఆడిన మ్యాచ్, ఐదు రోజుల విరామంతో ఆడిన మ్యాచ్ పక్కన ఒక చుక్క పెట్టుకోండి. 2025లో పట్టిక పైన నిలిచిన అడిలైడ్ ఫైనల్స్‌లో వరుసగా రెండు ఓడి ఇంటికెళ్లింది. ఆఖరి అయిదు మ్యాచ్‌ల గెలుపు గుర్తులు చూసి జోస్యం చెప్పేవాళ్లకు ఇదే గతి.

మీ నోట్‌బుక్‌లో క్వార్టర్‌కు ఒక పేజీ చాలు. అండాకారం గీసి అడ్డంగా మూడు భాగాలు చేయండి. మీ జట్టు బంతి గెలుచుకున్న చోట చుక్క, పోగొట్టుకున్న చోట ఇంటూ గుర్తు. ఆ ఇంటూ నుంచి ఎదుటివాళ్లు స్కోరు చేస్తే చుట్టూ సున్నా చుట్టండి. చుక్కలు ముందు భాగంలో ఎక్కువుంటే ప్రెస్ పనిచేస్తోంది. సున్నాలు మధ్య భాగంలో గుమిగూడితే కారిడార్ తన్నులు తప్పుతున్నాయి. నాలుగో క్వార్టర్‌లో ముందు చుక్కలు ఒక్కసారిగా మాయమైతే కాళ్లు అయిపోయాయి. మార్పిడులు (అలసినవాణ్ని దించి బెంచీ మీదివాణ్ని పంపడం) మ్యాచ్ మొత్తానికి 75 మాత్రమే కదా, మొదట్లోనే ఎక్కువ వాడేశారేమో, లేదా ఎవరో గాయపడి బెంచీ ఖాళీ అయిందేమో చూడండి.

టీవీలో కెమెరా బంతి వెంటే పోతుంది, ఖాళీలు చూపించదు. ఎంసీజీకి వెళ్లినప్పుడు అంచున ముందు వరుసల కోసం ఎగబడకండి. గోల్ స్తంభాల వెనక, పై అంతస్తులో సీట్లు అడగండి. మొహాలు కనబడవు కానీ వల కనబడుతుంది. కోటు మర్చిపోకండి, జూలైలో పైన గాలి కోస్తుంది.

ఉంటాను,
మీ తాతయ్య