గోడకున్న రక్షణ చెట్టుకేది?

ఉత్తర వేల్స్‌లోని లాంగెర్నియు అనే పల్లెలో సెయింట్ డిగైన్ చర్చి ఉంది. దాని ఆవరణలో ఏడాదంతా పచ్చగా ఉండే యూ అనే జాతి చెట్టు ఒకటి. మాను నడిమి భాగం ఎప్పుడో పోయింది. మిగిలింది చీలిపోయి, దగ్గర దగ్గరగా నిలబడ్డ రెండు మూడు చెట్లలా కనిపిస్తుంది. ఆ చీలికల మధ్య ఖాళీ జాగాలో 1990ల దాకా చర్చి ఆయిల్ ట్యాంకు ఉండేది! చెట్టు ఎంత పాతదో గుర్తించాకే దాన్ని పక్కకు జరిపారు. 2002లో బ్రిటన్ ఎంపిక చేసిన 50 గొప్ప చెట్లలో ఇదీ ఒకటి.

వయసు తేల్చడమే పెద్ద చిక్కు. యూ ముదిరేకొద్దీ లోపల డొల్లవుతుంది, లెక్కపెట్టడానికి వలయాలే మిగలవు. అందుకే ఒకే చెట్టుకు ఒకరు 1,500 ఏళ్లంటే మరొకరు 4,000 అంటారు. చిన్న అంకె తీసుకున్నా, చాలాచోట్ల పక్కనున్న చర్చి భవనం కంటే చెట్టే పెద్దది.

అసలు ఈ యూ చెట్లు చర్చి పక్కనే ఎందుకు? విల్లుల కోసం పెంచారన్నది అందరూ చెప్పే మాట. నాకది పూర్తిగా నమ్మబుద్ధి కాదు. మంచి విల్లుకర్ర విదేశాల నుంచే వచ్చేది. సరుకుతో వచ్చే ఓడలు టన్నుకు నాలుగు చొప్పున విల్లుకర్రలు తేవాలని ఇంగ్లండ్‌లో 1472లో చట్టమే చేశారు. ఆకు విషం కాబట్టి, పశువులు రాకుండా గోడ ఉన్నచోట చెట్టు బతికి బట్టకట్టిందనడం కొంత నయం. గింజ కూడా విషమే. దాని చుట్టూ చిన్న కప్పులా ఉండే ఎర్రటి గుజ్జు ఒక్కటే విషం కాదు.

ఈ చెట్ల గురించిన పట్టింపు కొత్తదేం కాదు. చర్చి ఆవరణలోని చెట్లను మతగురువులు ఇష్టమొచ్చినట్టు నరకకూడదని ఇంగ్లండ్‌ను ఏలిన ఒకటో ఎడ్వర్డ్ రాజు కాలంలోనే శాసనం ఉంది. అయినా చెట్లకు దెబ్బలు తప్పలేదు. స్కాట్లాండ్‌లోని ఫోర్టింగల్ యూ చుట్టుకొలత 1769లో 50 అడుగులు దాటింది. గుర్తుగా దాచుకుందామని వచ్చినవాళ్లు ముక్కలు కోసుకుపోయారు, చెట్టు మొదలు దగ్గర మంటలు వేశారు. చివరికి చుట్టూ గోడ కట్టాల్సి వచ్చింది. అంత నలిగినా అది బతికే ఉంది. 2015లో ఆ మగ చెట్టుకు ఒక కొమ్మన ఎర్రటి కాయలు కాశాయి. అంటే ఆ ఒక్క కొమ్మ ఆడదైందన్నమాట!

ఈ రోజు పాత చర్చి రాయి ఒకటి కదపాలన్నా అనుమతి కావాలి. చెట్టుకు మాత్రం వయసును బట్టి దానంతట అదే వచ్చే రక్షణ లేదు. స్థానిక కౌన్సిల్ పనిగట్టుకుని సంరక్షణ ఉత్తర్వు ఇవ్వాలి. 2023 సెప్టెంబరులో ఉత్తర ఇంగ్లండ్‌లో రోమన్లు కట్టిన హేడ్రియన్ గోడ దగ్గరి ప్రసిద్ధ సికమోర్ గ్యాప్ చెట్టును రాత్రికి రాత్రి నరికేశాక జనం భగ్గుమన్నారు. ఆ డిసెంబరులో ఇలాంటి చెట్లకు రక్షణ కోరే వారసత్వ చెట్ల బిల్లు బ్రిటన్ పార్లమెంటు ఎగువ సభ అయిన ప్రభువుల సభకు వచ్చింది. 2024 ఎన్నికలకు పార్లమెంటు రద్దవడంతో అది చట్టం కాకుండానే పోయింది.