ఈ-బుక్ రీడర్లు: మా రిపేరు బల్ల దగ్గర వినబడే అపోహలు, వాస్తవాలు

గిడుగు రామమూర్తి పంతులు గారు పాఠాలు చెప్పిన, ఒడిశాలోని పర్లాకిమిడి మాది. బడిలో ఒడియా చదివినా ఇంటికొచ్చి తెలుగు పుస్తకం పట్టుకునేవాళ్లు ఇక్కడ చాలామంది. వాళ్ల ఫోన్లతో పాటు ఈ-బుక్ రీడర్లు, అంటే తెర మీద పుస్తకాలు చదువుకునే పరికరాలు కూడా, రిపేరుకి నా దగ్గరికి వస్తాయి.

అపోహ: పై గాజు పగల్లేదు కాబట్టి తెర బాగానే ఉంది.

వాస్తవం: మొన్న ఒక మాస్టారు తన రీడరు తెచ్చారు. పైన చిన్న గీత కూడా లేదు. పేజీ పై సగం శుభ్రంగా కనబడుతోంది, కింది సగం అంతా నిలువు గీతలు. "సాఫ్ట్‌వేర్ పోయినట్టుంది, కాస్త ఎక్కించు బాబూ" అన్నారు. విప్పి లైటు కింద ఏటవాలుగా పెడితే మూల నుంచి వెంట్రుకంత పగులు. చాలా రీడర్లలో ఈ-ఇంక్ పొర (అక్షరాలు కాగితం మీద సిరాలా కనబడేలా చేసే పొర) వెనక పల్చటి గాజు పలక ఉంటుంది, పగిలేది అదే. పాతపట్నం బస్సులో నిలబడి వస్తుంటే సంచిలోని టిఫిన్ కారియర్ దాన్ని ఒత్తేసింది. తెర మార్చాలంటే దాదాపు కొత్తది కొన్నంత ఖర్చు. ఆ మాట ఆయనకు చెప్పడానికి నాకు నోరు రాలేదు. వెనక మెటల్ ఉందా ప్లాస్టిక్ ఉందా అన్నది తర్వాత, ముందు ముఖం మీద మూసుకునే గట్టి కవరు కొనండి.

అపోహ: వాటర్‌ప్రూఫ్ అంటే నీళ్లకు ఇక టెన్షన్ లేదు.

వాస్తవం: ఐపీఎక్స్8 (నీళ్లను ఎంత తట్టుకుంటుందో చెప్పే గుర్తు) రాసి ఉన్న అమెజాన్ వాళ్ల రీడరు కిండిల్ పేపర్‌వైట్‌కి కంపెనీ చెప్పేది 2 మీటర్ల లోతు మంచినీళ్లలో 60 నిమిషాలు. సముద్రపు నీటికి, సబ్బు నీళ్లకు ఆ లెక్క వర్తించదు. ఒకసారి రిపేరుకి విప్పితే ఆ సీలు మునుపటిలా ఉంటుందని నేను మాటివ్వను.

అపోహ: రంగుల తెర అయితే అన్నీ ఇంకా బాగా కనబడతాయి.

వాస్తవం: రంగుల రీడర్లలో వచ్చే కలైడో 3 అనే ఈ-ఇంక్ తెరలో నలుపు తెలుపు అంగుళానికి 300 పిక్సెళ్లు, రంగులు 150 మాత్రమే. పైన రంగుల ఫిల్టరు ఉండటంతో పేజీ కాస్త మసకగా ఉంటుంది. పిల్లల బొమ్మల పుస్తకాలకు సరే, నవలలకు అక్కర్లేదు.

అపోహ: 6 అంగుళాల తెర ఎవరికైనా చాలు.

వాస్తవం: అక్షరం సైజు పెంచుకోగలిగే ఈపబ్ అనే ఫైలు రకం పుస్తకానికి చాలు. మనవాళ్లు ఎక్కువగా చదివేది పాత పుస్తకాల స్కాన్ పీడీఎఫ్‌లు. అవి ఫోటోలే, అక్షరం ఒక్కటే పెరగదు, పేజీ మొత్తం జరుపుకుంటూ చదవాలి. పైగా మనకు ఒత్తులున్నాయి. అంగుళానికి 167 పిక్సెళ్లే ఉన్న పాత తెర మీద ఇంగ్లీషు ఎలాగో నడిచిపోతుంది కానీ, "రాష్ట్రం"లో ష కింద ట ఒత్తుతో పాటు ఉండే ర ఒత్తు చుక్కలా అలుక్కుపోతుంది. స్కాన్‌లకైతే 10 అంగుళాలది చూడండి. కొనేముందు మీ దగ్గరున్న పీడీఎఫ్‌లో అన్నిటికంటే చిన్న అక్షరాలున్న పేజీ తెరిపించి, ఆ ఒత్తు విడిగా కనబడుతోందో లేదో మీ కళ్లతోనే చూసుకోండి.