యాక్సిలరేటర్ తొక్కితే స్పీకర్ ఎందుకు కూస్తుంది?

ఈ మధ్య ఒక పాఠకుడు అడిగిన ప్రశ్న ఇది. కారు డిక్కీలో కొత్తగా ఆంప్లిఫయర్, దాని పక్కన సబ్ ఊఫర్ పెట్టించుకున్నారు. పాట బాగానే వస్తోంది. కానీ ఇంజన్ స్టార్ట్ చేయగానే స్పీకర్లలో సన్నగా 'కుయ్' మని ఒక కూత. యాక్సిలరేటర్ తొక్కితే దాని శ్రుతి పైకి పోతుంది, వదిలితే దిగుతుంది. వాల్యూమ్ పూర్తిగా తగ్గించినా కూత మాత్రం తగ్గదు. షాపులో చూపిస్తే "ఈ కారుకి ఈ ఆంప్ పడలేదు సార్, వేరే కంపెనీది వేసి చూద్దాం" అన్నారట.

పడకపోవడానికి ఇదేమైనా పెళ్లి సంబంధమా! బంపర్‌కి నిమ్మకాయ, మిరపకాయలు కట్టే అలవాటు వైరింగ్ దాకా వచ్చినట్టుంది. నిజానికి ఆయన రాసిన నాలుగు ముక్కల్లోనే రోగ నిర్ధారణ ముప్పాతిక వంతు అయిపోయింది.

మొదటి ఆనవాలు, శ్రుతి ఇంజన్‌తో పాటు పెరగడం. ఇంజన్ వేగంతో కట్టుబడి తిరుగుతూ కరెంటు పుట్టించేది ఆల్టర్నేటర్. లోపల అది తయారు చేసేది మూడు ఫేజుల ఏసీ. ఆరు డయోడ్లు దాన్ని డీసీగా మారుస్తాయి గానీ, పూర్తిగా నున్నగా చేయలేవు. ఒక్కో ఏసీ చక్రానికి ఆరు చిన్న గుబ్బలు మిగిలిపోతాయి. ఇంజన్ నిమిషానికి 800 సార్లు తిరుగుతోందని, బెల్టు పుల్లీల వల్ల ఆల్టర్నేటర్ దానికి రెండున్నర రెట్లు, అంటే 2000 సార్లు తిరుగుతోందని అనుకుందాం. లోపల ఆరు జతల అయస్కాంత ధ్రువాలు ఉంటే ఏసీ పౌనఃపున్యం సెకనుకు 200. దాన్ని ఆరు గుబ్బలతో హెచ్చిస్తే 1200 హెర్ట్జ్. ఇంజన్‌ని 1600కి పెంచితే కూత 2400 హెర్ట్జ్‌కి చేరుతుంది. సంగీతం తెలిసినవాళ్లు గమనిస్తే, సరిగ్గా ఒక స్థాయి పైకి, మధ్య షడ్జం నుంచి తారా షడ్జానికి వెళ్లింది. 2400 ఇంజన్ వేగం దగ్గర 3600 హెర్ట్జ్. మన చెవికి అన్నిటికన్నా చురుగ్గా వినిపించేది 2000 నుంచి 5000 హెర్ట్జ్ మధ్యే కాబట్టి, ఎంత చిన్న కూతయినా చెవిలో గుచ్చుకుంటుంది.

రెండో ఆనవాలు ఇంకా విలువైనది. వాల్యూమ్ తగ్గించినా కూత తగ్గలేదంటే అది వాల్యూమ్ దాటాక చేరిందన్నమాట. అంటే స్టీరియోకీ ఆంప్‌కీ మధ్య దారిలో. ఆ దారిలో ఉన్నది పాట సిగ్నల్‌ని మోసే ఆర్‌సీఏ కేబుల్ ఒక్కటే.

ఇక్కడ చాలామంది "ఆర్‌సీఏ కేబుల్ పవర్ కేబుల్ పక్కనుంచి పోయింది, అందుకే" అంటారు. రెండింటినీ కారుకి చెరో వైపు నుంచి లాగడం మంచి అలవాటే. కానీ సీట్లు పీకి, కార్పెట్ ఎత్తి, కేబుల్ మార్చినా కూత పోనివాళ్లే ఎక్కువ. అసలు దొంగ ఎర్త్, అంటే కరెంటు బ్యాటరీకి తిరిగి వెళ్లే దారి.

బడిలో సర్క్యూట్ బొమ్మ గీసేటప్పుడు ఎర్త్ గుర్తు ఎక్కడ పెట్టినా అది సున్నా వోల్టులే. ఓమ్ నియమం వల్లె వేయిస్తాం, దాంతో రెసిస్టర్ల లెక్కలు చేయిస్తాం. ఆ రెసిస్టర్లను కలిపే తీగకూ నిరోధం ఉంటుందని మాత్రం చెప్పం. పరీక్షలో దానికి మార్కులు లేవు మరి. కారులో ఆ మార్కులన్నీ ఒకేసారి పోతాయి.

కారులో ప్రతి పరికరానికీ పాజిటివ్ తీగ విడిగా వస్తుంది. తిరుగు దారి మాత్రం అందరికీ ఒకటే, ఇనుప బాడీ. పంట కాలువను ఊహించుకోండి. గట్టు మీద నుంచి చూస్తే నీళ్లు బల్లపరుపుగా కనిపిస్తాయి. కానీ నీరు పారుతోందంటే ఎగువ మట్టం దిగువ కన్నా వీసమైనా ఎక్కువ ఉన్నట్టే. ఒకే మట్టం ఉండేది నిలిచిన నీటికి మాత్రమే. బాడీలో కరెంటు పారనంతసేపే డిక్కీ, డ్యాష్‌బోర్డు, బ్యాటరీ అన్నీ సున్నాలో ఉంటాయి. ఆంప్ 40 ఆంపియర్లు లాగి డిక్కీ దగ్గర బాడీలోకి వదిలిందా, డిక్కీ ఎగువ, బ్యాటరీ దిగువ అయిపోతాయి. ఇప్పుడు ఆ కాలువ పక్కనే ఎవరో ఒక సన్నటి బోదె తవ్వి ఎగువనీ దిగువనీ కలిపారనుకోండి. మట్టం తేడా ఉంది కాబట్టి కాస్త నీరు అందులోకీ మళ్లుతుంది, కాలువలో లేచిన అలలు కూడా దానితోనే వస్తాయి. స్టీరియో ఎర్త్ డ్యాష్‌బోర్డు వెనక, ఆంప్ ఎర్త్ డిక్కీలో. ఈ రెంటినీ కలిపే బోదె ఆర్‌సీఏ కేబుల్ పై తొడుగు, అంటే దాని షీల్డ్.

లెక్క వేద్దాం. ఎర్త్ బోల్టు కింద పెయింట్ సరిగా గీకలేదు, అక్కడ 10 మిల్లీ ఓమ్‌ల నిరోధం మిగిలింది అనుకుందాం. 40 ఆంపియర్లకి 0.4 వోల్టు తేడా. అది నిలకడ డీసీ అయితే మనకు వినపడదు. కానీ ఆల్టర్నేటర్ గుబ్బల వల్ల అందులో ఒక్క ఆంపియర్ అటూ ఇటూ ఊగినా 10 మిల్లీవోల్టుల అల పుడుతుంది. రాత్రిపూట నెమ్మదిగా పాట వింటున్నప్పుడు ఆర్‌సీఏలో వచ్చే సంగీతం 20 మిల్లీవోల్టులే ఉండొచ్చు. ఆంప్ చూసేది కేబుల్ నడిమి తీగకీ తన ఎర్త్‌కీ మధ్య తేడాని. అందులో ఎంత పాట, ఎంత ఆల్టర్నేటర్ అని దానికి తెలియదు. సంగీతంలో సగం ఎత్తున కూతని కూడా అంతే శ్రద్ధగా పెంచి స్పీకర్‌కి పంపుతుంది.

బోల్టు కింద పెయింట్ అంటే తూములో తుక్కు అడ్డం పడటమే. ఎగువన మట్టం లేస్తుంది, బోదెలోకి మళ్లే నీరు పెరుగుతుంది. అందుకే మొదటి వైద్యం తూము బాగుచేయడం. ఎమరీ కాగితంతో పెయింట్ పోయి ఇనుము మెరిసేదాకా గీకాలి. పవర్ వైరు ఎంత లావో ఎర్త్ వైరూ అంతే లావుండాలి, అర మీటరు లోపే ముగియాలి. తీగ చివర లగ్ (బోల్టు దూరే లోహపు రింగు) వేసి గట్టిగా బిగించి, తుప్పు పట్టకుండా పైన కాస్త గ్రీజు రాయాలి. సీటుబెల్టు బోల్టు జోలికి మాత్రం వెళ్లొద్దు. అది ప్రాణాల కోసం పెట్టింది. ఇంకో మార్గం బోదెని ఇరుకు చేయడం. మంచి ఆంప్‌లలో ఇన్‌పుట్ ఎర్త్‌ని పవర్ ఎర్త్ నుంచి కొన్ని వందల ఓమ్‌ల రెసిస్టర్‌తో వేరు చేసి, కేబుల్ నడిమి తీగకీ తొడుగుకీ మధ్య తేడాని మాత్రమే తీసుకుంటారు. బజారులో దొరికే గ్రౌండ్ లూప్ ఐసొలేటర్ అయితే బోదెకి అడ్డుకట్టే వేస్తుంది. లోపల చిన్న ట్రాన్స్‌ఫార్మర్ ఉంటుంది, అల దాటుతుంది గానీ రెండు పక్కల మధ్య తీగ కలవదు. కూత పోతుంది. కానీ చవక రకాల్లో ఇనుప కోర్ చిన్నది కావడంతో లోతైన బేస్ దగ్గర అది సంతృప్తమై శబ్దం చెడుతుంది. సబ్ ఊఫర్ కోసం అంత ఖర్చు పెట్టి బేస్‌ని అక్కడ పోగొట్టుకోవడం నాకు నచ్చదు.

నమ్మకం కలగాలంటే చిన్న ప్రయోగం ఉంది. ఆంప్ నుంచి ఆర్‌సీఏ పీకి, ఆ స్థానంలో మామూలు ఫోన్‌ని ఆక్స్ కేబుల్‌తో తగిలించి ఇంజన్ ఆన్ చేయండి. ఆంప్, ఎర్త్ అన్నీ పాతవే, అయినా కూత ఉండదు. ఎందుకంటే ఫోన్ తన బ్యాటరీ మీద నడుస్తోంది, కాలువతో దానికి సంబంధం లేదు. ఇప్పుడు అదే ఫోన్‌ని కారు ఛార్జర్‌కి పెట్టండి. చాలా కార్లలో కూత ప్రత్యక్షం! బోదె మళ్లీ కలిసింది. ఆక్స్‌లో పాటలు వింటూ ఫోన్ ఛార్జింగ్ పెట్టినప్పుడు వచ్చే 'జుయ్' కూడా ఇదే జాతి.

మెకానిక్‌లు ఎర్త్ పరీక్షించే తీరు గురించి కూడా చెప్పాలి. మల్టీమీటర్‌ని బీప్ మీద పెట్టి, ఒక కొన బోల్టుకి, ఇంకో కొన బాడీకి ఆనించి, బీప్ రాగానే "ఎర్త్ సూపర్" అంటారు. చాలా మీటర్లు 30 ఓమ్‌లున్నా బీప్ కొడతాయి. 12 వోల్టుల మీద 30 ఓమ్‌ల గుండా అర ఆంపియరు కూడా పోదు. మనం వెతికేది ఓమ్‌లో వందో వంతు, మీటరు వైర్ల సొంత నిరోధమే అంతకన్నా ఎక్కువ. కాబట్టి నిరోధం కొలవకూడదు, పని చేస్తున్నప్పుడు వోల్టేజీ కొలవాలి. మీటర్‌ని డీసీ వోల్టుల మీద పెట్టి, పొడవాటి తీగతో ఒక కొన బ్యాటరీ నెగెటివ్‌కి, రెండోది ఆంప్ ఎర్త్ స్క్రూకి తగిలించి, బేస్ ఎక్కువున్న పాట గట్టిగా పెట్టండి. 0.1 వోల్టు లోపు ఉంటే బాగున్నట్టు. 0.4, 0.5 చూపిస్తే అడ్డం ఎక్కడుందో బోల్టు బోల్టుకీ వెతుక్కుంటూ పోవాలి.

మిగతా జబ్బులు త్వరగా చెప్పేస్తాను. ఆంప్ అసలు వెలగకపోతే రిమోట్ వైరులో, అంటే స్టీరియో నుంచి ఆంప్‌ని ఆన్ చేసే సన్న తీగలో, 12 వోల్టులు వస్తున్నాయో లేదో చూడాలి. ఎర్ర ప్రొటెక్ట్ లైటు వెలిగితే స్పీకర్ వైర్లన్నీ పీకి చూడాలి, అప్పుడు ఆరిపోతే ఎక్కడో వైరు బాడీకి తగులుతూ ఉండొచ్చు. బానెట్ కింద పవర్ వైరుకి వేసే ఫ్యూజు ఆంప్ కోసం కాదు, వైరు అంటుకోకుండా ఉండటం కోసం. అందుకే బ్యాటరీకి జానెడు మూరెడు దూరంలోనే ఉండాలి. ఆంప్ మీద ఉండే గెయిన్ స్క్రూ, లోపలికి వచ్చే సిగ్నల్‌ని ఎన్ని రెట్లు పెంచాలో చెప్పేది, వాల్యూమ్ కాదు. దాన్ని చివరిదాకా తిప్పితే కూతని కూడా చివరిదాకా పెంచినట్టే.

బేస్‌కి హెడ్‌లైట్లు మినుకుమంటుంటే ఒక ఫారడ్ కెపాసిటర్ అంటగడతారు. 14.4 నుంచి 12.4 వోల్టులకు దిగేలోపు అది ఇచ్చే శక్తి దాదాపు 27 జౌళ్లు. 500 వాట్లు లాగే ఆంప్‌కి అది సెకనులో ఇరవయ్యో వంతు సేపు సరిపోతుంది. ఆ డబ్బుతో అసలైన రాగి వైరు కొనుక్కోవచ్చు. రాగి పూత పూసిన అల్యూమినియం వైరుకి, అంతే లావున్న రాగి కన్నా దాదాపు ఒకటిన్నర రెట్లు నిరోధం.

ఇవన్నీ సరిచేసినా కూత అలాగే, అంతకుముందు కన్నా గట్టిగా వస్తుంటే ఒకటే అనుమానం మిగులుతుంది. కొన్ని స్టీరియోల్లో ఆర్‌సీఏ ఎర్త్ దారిలో వెంట్రుక లాంటి ఫ్యూజు ఉంటుంది. ఆంప్ ఎర్త్ వదులై ఉన్నప్పుడు 40 ఆంపియర్లూ ఆ బోదె గుండా పోవాలని చూస్తాయి, ఫ్యూజు కాలిపోతుంది. స్టీరియో వెనక ఆర్‌సీఏ తొడుగు నుంచి స్టీరియో ఇనుప పెట్టెకి చిన్న తీగ ఆనించి చూడండి. కూత ఠక్కున ఆగితే కాలింది అదే. ఆ తీగని శాశ్వతంగా అలాగే వదిలేయడం కన్నా, ఎర్త్ బాగుచేశాక ఫ్యూజు మార్పించడం మేలు. ఇకమీదట ఆర్‌సీఏ పీకినా పెట్టినా, ముందు బ్యాటరీ నెగెటివ్ తీసి ఆ పని చేయండి.